పెద వాల్తేరు డాబా మీద లెమన్ బామ్: కోత నుంచి డబ్బా దాకా

సెప్టెంబర్ 14

ఎండబెట్టి టీ పెట్టుకోవడానికి లెమన్ బామ్ అనే నిమ్మ వాసన మొక్కను ఈ ఏడు విత్తనంతోనే మొదలుపెట్టాను. కిందటేడు ఒక నర్సరీలో లెమన్ బామ్ అని చెప్పి ఇచ్చిన మొక్క రెండు నెలలకే తెల్లటి పూల కంకులు వేసింది. అది నిమ్మ తులసి అని అప్పటికి గాని తెలియలేదు. పొరపాటు పడటం తేలికే. రెండింటిదీ పుదీనా కుటుంబం, రెండింటి కాడా నాలుగు పలకలుగా ఉంటుంది, రెండూ నలిపితే నిమ్మ వాసనే. ఆకును పట్టి చూస్తే మాత్రం తేడా తెలిసిపోతుంది. నిమ్మ తులసి ఆకు సన్నగా, నున్నగా ఉంటుంది. లెమన్ బామ్ ఆకు వెడల్పుగా, ముడతలు ముడతలుగా ఉండి, అంచంతా గుండ్రటి పళ్ళు ఉంటాయి.

విత్తనాలు ఆవగింజ కంటే చిన్నవి. తడిపిన కొబ్బరి పొట్టు మీద చల్లి వేలితో మెల్లగా అదిమాను, అంతే. పైన మట్టి కప్పలేదు, మొలవడానికి వీటికి వెలుతురు కావాలి. పన్నెండో రోజున మొదటి మొలక కనిపించింది.

నవంబర్ 9

ఆరు గ్రో బ్యాగుల్లో ఆరు మొక్కలు కుదురుకున్నాయి. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్ట్ సమపాళ్ళు, నీరు నిలవకుండా రెండు దోసిళ్ళ ఇసుక. తూర్పు పిట్టగోడ పక్కన పెట్టాను. పదిన్నర దాకా ఎండ తగులుతుంది, ఆ తర్వాత వాటర్ ట్యాంక్ నీడ వచ్చేస్తుంది. ఇది మధ్యధరా సముద్ర తీరాల నుంచి వచ్చిన మొక్క. చలికి భయపడదు గానీ మన మధ్యాహ్నపు ఎండకు ఆకులు పసుపెక్కి అంచులు మాడిపోతాయి. అందుకే విశాఖలో దీని కాలం కార్తీకం నుంచి శివరాత్రి దాకా అని నేను లెక్క పెట్టుకున్నాను.

చిగుళ్ళు రెండుసార్లు తుంచాను. తుంచిన చోటల్లా రెండేసి కొమ్మలు వచ్చి మొక్క గుబురైంది.

డిసెంబర్ 7, మొదటి కోత

నిన్న సాయంత్రమే మొక్కల మీద నీళ్ళు జల్లి దుమ్ము కడిగేశాను. కోసిన తర్వాత కడిగితే ఆకులో ఉన్న నీటికి తోడు పైన ఇంకో తడి చేరుతుంది, ఆ తడి ఆరడానికే సగం రోజు పడుతుంది. పొద్దున మంచు ఆరేదాకా ఆగి, తొమ్మిదిన్నరకు రెండు మొక్కలు కోశాను. మట్టికి నాలుగు వేళ్ళ ఎత్తున, ఆకుల జత ఉన్న కణుపుకు కాస్త పైన కత్తెర వేయాలి. ఆ కణుపు నుంచే మళ్ళీ చిగురు వస్తుంది. ఇంకా మొగ్గ లేదు. పూత మొదలైతే ఆకు చిన్నదైపోతుంది, వాసన కూడా తగ్గుతుంది.

కాడలతో కలిపి 210 గ్రాములు వచ్చింది. చేతులకు అంటిన వాసన భోజనం దాకా పోలేదు. పుదీనా చట్నీలో నిమ్మచెక్క పిండినట్టుంది అని అమ్మ అంది.

120 గ్రాములు మూడు కట్టలు కట్టి వెనక బాల్కనీలో నీడన తలకిందులుగా వేలాడదీశాను. మిగతా 90 గ్రాములు చేటలో పరిచి డాబా మీద ఎండలో పెట్టాను. వడియాలు అలాగే కదా ఎండేది.

డిసెంబర్ 13

ఎండలో పెట్టింది ఆ సాయంత్రానికే పెళపెళలాడింది. కానీ రంగు ఎండుగడ్డి రంగు, వాసన కూడా ఎండుగడ్డిదే. మరిగిన నీళ్ళలో వేసి చూశాను. పసుపు రంగు నీళ్ళు దిగాయి, నిమ్మ జాడ లేదు.

కారణం ఆ వాసన ఉండే తీరులోనే ఉంది. లెమన్ బామ్‌లో నిమ్మ వాసన ఎక్కువగా సిట్రాల్, సిట్రొనెల్లాల్ అనే రెండు పదార్థాల నుంచి వస్తుంది. సిట్రాల్ నిమ్మగడ్డిలోనూ ఉంది. కాకపోతే నిమ్మగడ్డిలో నూనె సమృద్ధిగా ఉంటుంది, ఎలా ఎండబెట్టినా కొంత మిగులుతుంది. లెమన్ బామ్ ఆకులో నూనె చాలా కొంచెం. అది కూడా ఆకు పైపొర మీది సన్నటి గ్రంథుల్లో ఉంటుంది కాబట్టి వేడి తగిలితే ముందు పోయేది అదే. 35 డిగ్రీలు దాటకుండా, నీడన ఆరబెట్టాలి. చేటలో ఎండకు కాగిన ఆకు అంతకంటే చాలా వేడెక్కి ఉంటుంది.

కట్టల సంగతి ఇంకా బాధ కలిగించింది. పైకి పచ్చగానే ఉన్నాయి. తాడు విప్పితే లోపలి ఆకులు నల్లబడి, కాడకు అంటుకుపోయి, తడిగుడ్డ వాసన వస్తున్నాయి. ఆరు రోజులు గాలి తగిలేలా వేలాడదీసినా కట్ట మధ్యలోకి గాలి వెళ్ళలేదు. పొడి గాలి ఉన్న ఊళ్ళలో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. మా ఇంటికి సముద్రం నడిచి వెళ్ళేంత దూరం. 210 గ్రాములూ పోయాయి.

డిసెంబర్ 21, రెండో కోత

ఇంకో రెండు మొక్కలు. ఈసారి కాడలు తీసేసి ఆకులు మాత్రమే, సరిగ్గా 150 గ్రాములు. పాత కిటికీ దోమతెర చెక్క ఫ్రేమ్‌ను కడిగి, రెండు కుర్చీల మీద అడ్డంగా పెట్టి, ఆకు మీద ఆకు పడకుండా ఒకే పొరగా పరిచాను. పైనుంచీ కిందనుంచీ గాలి ఆడుతుంది. హాల్లో ఫ్యాన్ మధ్యస్థంగా పెట్టాను. ఎండ పడదు.

వంటింట్లోని చిన్న డిజిటల్ కాటాతో రోజుకు రెండు మూడుసార్లు తూచి నోట్‌బుక్‌లో రాశాను:

21 ఉదయం పదిన్నర: 150 గ్రాములు
21 రాత్రి తొమ్మిది: 88
22 ఉదయం ఆరు: 81
22 మధ్యాహ్నం రెండు: 52
22 రాత్రి: 45
23 ఉదయం: 47
23 మధ్యాహ్నం: 37
24 ఉదయం: 40
24 మధ్యాహ్నం: 36
24 రాత్రి: 39

23 ఉదయం అంకె చూసి కాటా పాడైందనుకున్నాను. గ్లాసు పెట్టి తూచి చూస్తే కాటా బాగానే ఉంది. ఆకు బరువు పెరిగిందంతే. మధ్యాహ్నానికి తగ్గి, మర్నాడు ఉదయానికి మళ్ళీ పెరిగింది. అప్పుడు దాని అర్థం నాకు తట్టలేదు. రంగు చక్కటి పచ్చ, వాసన బాగుంది, మూడు రోజులు దాటిపోయాయి. 24 రాత్రి 39 గ్రాముల దగ్గర గాజు సీసాలో పోసి మూత బిగించేశాను.

జనవరి 1

మూత తీసేసరికి ముక్కిపోయిన బియ్యం వాసన. బూజు కంటికి కనపడలేదు గానీ ఆకులు చల్లారిన అప్పడంలా మెత్తబడి ఉన్నాయి, నలిపితే పొడి కావడం లేదు. అమ్మ వాసన చూసి, “ఇది తాగడానికి పనికిరాదమ్మా, మొక్కల మొదట్లో పోసెయ్” అంది. పోసేశాను. రెండు కోతలు అయ్యాయి, నా దగ్గర ఒక్క కప్పుకు సరిపడా ఆకు కూడా లేదు. చాలా దిగులేసింది. మొక్కలు ఇంత చక్కగా ఇచ్చినదాన్ని నిలబెట్టుకోలేకపోతున్నానే అని.

సాయంత్రం కింది వాటాలో ఉండే మామ్మగారికి సీసా చూపించాను. ఆవిడ బూడిద గుమ్మడి వడియాలు, ఊర మిరపకాయలు నలభై ఏళ్ళుగా ఈ డాబా మీదే పెడుతున్నారు. వాసన చూసి ఆవిడ అడిగిన మొదటి మాట, “రాత్రిళ్ళు ఎక్కడ ఉంచావమ్మా?”

“హాల్లోనే, మామ్మగారూ. ఫ్యాన్ కింద.”

“అదే మరి. పొద్దు వాలితే సముద్రం గాలిలో నిమ్ము దిగుతాది. పగలంతా ఎండినదాన్ని రాత్రి బైట వదిలేస్తే పోయిన నీళ్ళు మళ్ళీ తాగేస్తాది. నేను వడియాలు నాలుగింటికే తీసి డబ్బాలో పెట్టేస్తాను, చూళ్ళేదా?”

నేను రోజూ చూస్తూనే ఉన్నాను. పిట్టలు పొడుస్తాయని తీస్తున్నారనుకున్నాను.

పైకి వచ్చి నోట్‌బుక్ తెరిచాను. 37, 40, 36, 39. ఆవిడ చెప్పిన మాటే అక్కడ అంకెల్లో ఉంది.

జనవరి 3

ఇవాళంతా దీని మీదే కూర్చున్నాను. ఆన్‌లైన్‌లో తెప్పించిన తేమ మీటర్ మొన్న వచ్చింది. హాల్లో పెట్టి చూస్తే ఉదయం ఆరింటికి 84 శాతం, మధ్యాహ్నం ఒంటిగంటకు 61, రాత్రి తొమ్మిదికి 78. ఫ్యాన్ వేసినా తీసినా అంతే. ఫ్యాన్ గాలిని కదిలిస్తుంది గానీ గాలిలోని చెమ్మను తీయలేదు. పచ్చి ఆకు ఆరడానికి ఆ కదలిక చాలు. చివరికొచ్చేసరికి ఆకులో మిగిలిన తేమ చుట్టూ ఉన్న గాలితో సమానమై అక్కడే ఆగిపోతుంది. గాలిలో చెమ్మ పెరిగితే ఆకులోనూ పెరుగుతుంది.

నిల్వ ఉండాలంటే ఎండిన ఆకులో తేమ నూటికి పది పాళ్ళు మించకూడదు. దాన్ని చేత్తో తాకి చెప్పలేం, కాటాతో చెప్పొచ్చు. చేయాల్సింది ఇది. పచ్చి ఆకు పది గ్రాములు విడిగా తీసుకుని, పెనం మీద సన్నటి సెగన, మాడకుండా కలుపుతూ, ఇక బరువు తగ్గనంత వరకు ఉంచాలి. మిగిలిందే నీళ్ళు లేని అసలు ఆకు. ఆ పది గ్రాములు వాసన పోయి తాగడానికి పనికిరావు, అవి లెక్క కోసమే. మొత్తం ఆకులో అసలు బరువు ఎంతో ఆ పాళ్ళలో కట్టి, దాన్ని 0.9తో భాగిస్తే వచ్చేది సీసాలో పోయాల్సిన బరువు. ఆ అంకె కిందికి దిగేదాకా మూత బిగించకూడదు.

జనవరి 4, మూడో కోత

చివరి రెండు మొక్కలు. ఆకులు 150 గ్రాములు. అందులో పది గ్రాములు పెనం మీదికి పోయి 2.1 గ్రాముల దగ్గర ఆగాయి. అంటే మిగిలిన 140లో అసలు ఆకు 29.4 గ్రాములు. 0.9తో భాగిస్తే 32.7. కాగితం మీద పెద్ద అంకెలతో రాసి ఫ్రేమ్‌కు అంటించాను.

డిసెంబర్ కోతకు కూడా ఇదే పాళ్ళు అనుకుంటే దాని గమ్యం 35 గ్రాములు. నేను 39 దగ్గర బిగించాను. ఆ నాలుగు గ్రాముల నీళ్ళే సీసా మొత్తాన్ని పాడుచేశాయి.

మొదటి రాత్రి ఫ్యాన్ కింద అలాగే వదిలేశాను. మామ్మగారి మాట విని పచ్చి ఆకును డబ్బాలో పెట్టి మూస్తే అది లోపలే మగ్గిపోతుంది. చాలా మటుకు నీరు పోయాకే ఆ మాట వర్తిస్తుంది.

జనవరి 7

5 మధ్యాహ్నానికి 46 గ్రాములకు దిగింది. ఆ రాత్రి ఫ్రేమ్‌ను పడకగదిలోకి తెచ్చి తలుపులు మూసి ఏసీని డ్రై మోడ్‌లో పెట్టాను. ఏసీ గాలిలోని చెమ్మను నీళ్ళుగా చేసి బయటికి పంపేస్తుంది కదా. మీటర్ రాత్రంతా 50కి అటూ ఇటూ ఉంది. జనవరి రాత్రి ఏసీ ఏమిటని అమ్మ రెండు దుప్పట్లు కప్పుకుంది. ఉదయానికి 38. ఆకు ఇంత ఎండాక కూడా రాత్రి గడిచేసరికి బరువు పెరగకుండా తగ్గడం ఇదే మొదటిసారి!

6 మధ్యాహ్నం 34. ఇంకో గ్రామున్నర పోవాలి. దీనికి ఏసీ దండగ అనిపించి బియ్యం వాడాను. ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. అయితే బస్తాలోంచి తీసిన బియ్యంలోనే నూటికి పన్నెండు, పదమూడు పాళ్ళ తేమ ఉంటుంది. వాటిని అలాగే వేస్తే ఆకును పది కిందికి లాగలేవు. అరకిలో బియ్యాన్ని మూకుట్లో సన్నటి సెగన పావుగంట వేయించి, మూత పెట్టి పూర్తిగా చల్లార్చాను. పెద్ద స్టీలు డబ్బా అడుగున పోసి, పైన పల్చటి నూలు గుడ్డ, దాని మీద ఆకులు. మూత గట్టిగా పెట్టాను.

సిలికా జెల్ కూడా ఇంట్లో ఉంది గానీ రంగు మారే నీలం గుళికల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషం. తాగే ఆకు పక్కన దాన్ని పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఈ ఉదయం తూస్తే 32.0. వేలితో నొక్కితే ఆకు విరిగి గలగలమంది, కాని రంగు పచ్చగానే ఉంది. రెండు చిన్న గాజు సీసాల్లో ఆకులను నలపకుండా నింపాను. నలిపితే గ్రంథులు చితికి నూనె అప్పుడే పోవడం మొదలవుతుంది, కప్పులో వేసే ముందు నలుపుకుంటే చాలు. వెలుతురు తగలకుండా సీసాలకు గుడ్డ చుట్టి చీకటి అలమారలో పెట్టాను.

జనవరి 14

వారం ఆగి మూత తీశాను. మూత తీస్తూండగానే గదిలోకి వాసన వచ్చింది. పచ్చి ఆకంత పదును లేదు గానీ నిమ్మే, అనుమానం లేదు. ఆనందానికి కళ్ళు చెమర్చాయి.

టీ పెట్టే పద్ధతి గురించి కాస్త రాయాలి. మన ఇళ్ళల్లో ఆకు ఏదైనా నీళ్ళలో వేసి తెగ మరిగించడం అలవాటు. అల్లం, మిరియాలకు అది సరే. ఈ ఆకును మరిగిస్తే ఇన్ని తంటాలు పడి కాపాడిన వాసన ఆవిరితో పాటు వంటింట్లో కలిసిపోతుంది. నీళ్ళు మరిగించి పొయ్యి మీద నుంచి దింపాక 150 మిల్లీలీటర్లకు రెండు గ్రాముల ఆకు నలిపి వేసి, వెంటనే మూత పెట్టి ఎనిమిది నిమిషాలు ఉంచాను. మూత లోపల చేరిన నీటి చుక్కలను కూడా కప్పులోకే విదిలించాలి, వాటిలో మంచి వాసన ఉంటుంది. పాలు పడవు. నాకు చక్కెర కూడా అక్కర్లేదనిపించింది, తేనె అర చెంచా చాలు. అదే పచ్చి ఆకుతో అయితే దాదాపు ఐదింతల బరువు వేయాలి.

అమ్మకు ఇవ్వలేదు. ఆవిడ థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. లెమన్ బామ్ థైరాయిడ్ పనితీరు మీద ప్రభావం చూపవచ్చని, నిద్ర మాత్రల మత్తును పెంచవచ్చని అంటారు కాబట్టి ముందు డాక్టర్‌ని అడుగుదామని ఆగాను. మొక్క ఇంట్లో పెరిగిందే అయినా మందు లాంటి గుణం మందు లాంటిదే. మామ్మగారికి ఏ మాత్రలూ లేవు. ఆవిడ రెండు గుక్కలు తాగి, “పంచదార లేకపోయినా కమ్మగా ఉందమ్మా” అన్నారు. ఆవిడ గ్లాసు ఖాళీ అయ్యేదాకా నేను అక్కడే కూర్చున్నాను.

జనవరి 25

డిసెంబర్ 7న కోసిన మొక్కలు ఏడు వారాల్లో మళ్ళీ మోకాలెత్తు పెరిగాయి. ఆకులు 180 గ్రాములు. పెనం మీద పది గ్రాములు 1.9కి వచ్చాయి. లేత చిగుళ్ళు కాబట్టి నీరు కాస్త ఎక్కువ. 170కి అసలు ఆకు 32.3, గమ్యం 35.9. ప్రతి కోతకూ ఈ పది గ్రాముల పని కొత్తగా చేయాల్సిందే, పాత అంకె నమ్ముకుంటే లెక్క తప్పుతుంది.

ఈసారి ఏసీ లేకుండా చేయాలని పట్టుదల. అందరి ఇళ్ళలో ఏసీ ఉండదు, కరెంటు బిల్లు కూడా చూసుకోవాలి. మామ్మగారి పద్ధతిలోనే వెళ్ళాను. ఫ్రేమ్ బయట ఉండేది మీటర్ 70 కిందికి దిగాక, అంటే పొద్దున తొమ్మిదిన్నర నుంచి నాలుగింటి దాకా. ఆ తర్వాత డబ్బాలోకి.

జనవరి 29

25 రాత్రి 98. 26 సాయంత్రం 50. ఆ రాత్రి ఇంకా పచ్చిదనం ఉంది కాబట్టి ఫ్యాన్ కిందే ఉంచాను, ఉదయానికి 46. 27 నాలుగింటికి 38, అప్పుడు వేయించిన బియ్యం డబ్బాలోకి. 28 ఉదయానికి 36. గమ్యానికి వెంట్రుకవాసి దూరం. అక్కడ ఆపితే మళ్ళీ టెన్షన్ పడాలి కాబట్టి బియ్యాన్ని ఇంకోసారి వేయించి, చల్లార్చి, మరో రోజు ఉంచాను. ఈ ఉదయం 35.0. ఏసీ లేకుండానే అయింది.

మూత తీసి ఆకులు సీసాలోకి మార్చే పని మాత్రం మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆగి చేశాను. చెమ్మ గాలిలో ఉంచితే ఉదయానికి ఆకు బరువు పెరగడం డిసెంబర్ నోట్స్‌లో ఉంది.

ఆ బియ్యం పారేయలేదు. నిమ్మ వాసన పట్టిన ఆ బియ్యంతో అమ్మ పులిహోర కలిపింది.

ఫిబ్రవరి 20

అమ్మ డాక్టర్‌ని అడిగింది. రోజూ అలవాటు చేసుకోవద్దన్నారు. అమ్మకు నిమ్మగడ్డి టీ ఇస్తున్నాను.

జనవరి 29న నింపిన సీసాల్లో ఒకటి ఇప్పటిదాకా తెరవలేదు. నింపినప్పుడు సీసాతో సహా బరువు రాసి చీటీ అంటించాను, 212.4. ఇవాళ 212.4. చుక్క చెమ్మ కూడా లోపలికి వెళ్ళలేదు.

మధ్యాహ్నాలు వేడెక్కుతున్నాయి, రెండు బ్యాగుల్లో అంచు ఆకులు అప్పుడే పసుపెక్కాయి. సాయంత్రం ఆరు బ్యాగులనూ ట్యాంక్ వెనక్కి జరిపి పైన గ్రీన్ నెట్ కట్టాను. నాలుగు కొమ్మలను గ్లాసు నీళ్ళలో పెట్టాను, వేర్లు వస్తే ఒకటి మామ్మగారి కుండీకి వెళ్తుంది. జనవరి 4న కోసిన మొక్కలు ఇంకో వారంలో కోతకొస్తాయి. బియ్యం, కాటా, మీటర్ సిద్ధంగా ఉన్నాయి.